కాలిపోని కార్డు

ఒక కేబుల్‌ను పై పోర్టులో కాకుండా కింది పోర్టులో పెట్టినందుకు నాలుగు వేల మూడు వందల రూపాయలు తీసుకున్న మొనగాడిని నేను. జనగామ బజారులో ఇంతకంటే లాభసాటి బేరం చేసినవాళ్లు ఉంటే ముందుకు రావచ్చు. పెట్టుబడి లేదు. శ్రమ లేదు. పైగా వచ్చినామె వెళ్లేటప్పుడు నా మేలు కోరి మరీ వెళ్లింది. బట్టల కొట్టులో జీవితమంతా మీటరు కర్ర పట్టుకుని కూర్చున్న మా బాపు ఇంత గిట్టుబాటు ఒక్కసారి కూడా చూడలేదు.

గొప్పలు అయిపోయాయి. ఇక అసలు సంగతి. ఆ లాభాన్ని ఏళ్లుగా మోస్తున్నాను. దించుకుందామంటే జాగా దొరకలేదు. ఇంట్లో చెప్పలేదు, తోటి దుకాణదారులకు అసలే చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీ ముందు కూర్చున్నాను. తెలిసినవాళ్లకైతే నా తప్పును కూడా ధర తగ్గించి చెబుతాను. ఆ విద్య నాకు బాగా వచ్చు.

నాది కంప్యూటర్లు బాగుచేసే దుకాణం. పుట్టింది మాత్రం బట్టల కొట్టులో. అక్కడ నేర్చుకున్నవి రెండే. ఒకటి బోణి. పొద్దున వచ్చిన మొదటి గిరాకీని ఉత్త చేతులతో పంపకూడదు, ఆ గిరాకీకి ఊరికే పనీ చేయకూడదు. బోణి ఉత్తదైతే రోజంతా ఉత్తదే. రెండోది ధర. ధర చెప్పేటప్పుడు మెట్టు మీద నిలబడి చెప్పాలి అనేవాడు బాపు. దిగడానికి జాగా ఉండాలి, దించడం గిరాకీ పని. ఇద్దరూ తమ తమ పని చేస్తే న్యాయమైన చోట కలుస్తారు. ఇందులో మోసం లేదని నేను ఇప్పటికీ నమ్ముతాను. మోసం ఎక్కడ దూరిందో చెప్పడానికే ఇదంతా.

ఆ రోజు అగరుబత్తి వెలిగించి ఇంకా చేతులు కూడా దులుపుకోలేదు. ఆటోలోంచి షమీమక్క దిగింది. రఘునాథపల్లిలో వాళ్లకు ఫోటో స్టూడియో. భర్త ఫోటోలు తీస్తాడు, ఆమె కంప్యూటర్‌లో పెళ్లి ఆల్బములు తయారుచేస్తుంది. దుప్పట్లో చుట్టిన సీపీయూను పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చి బల్ల మీద పెట్టింది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, తెర మాత్రం నల్లగానే ఉంటోందని చెప్పింది. మూడు రోజుల్లో ఒక ఆల్బమ్ ఇవ్వాలట. నిన్న వాళ్ల మామ వైర్లన్నీ పీకి, పెట్టె విప్పి, కుంచెతో దుమ్ము తుడిచి మళ్లీ బిగించాడట. అప్పటినుంచే ఇలా.

ఆ మామను నేనెరుగుదును. అందరికీ చాచా. ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్ల రేడియోలు, టేప్‌రికార్డర్లు ఆయన చేతుల మీదే బతికాయి. ఆ సామాను పోయాక ఆయనకు పని పోయింది. ఖాళీగా కూర్చోలేక, వయసు మీద పడ్డాక కంప్యూటర్ లోపల ఏముందో తెలుసుకోవడం మొదలుపెట్టాడు. నా దుకాణానికి కూడా వచ్చి, బల్ల పక్కన నిలబడి చూస్తూ ఉండేవాడు. అడ్డం వచ్చేవాడు కాదు.

డిస్‌ప్లే రాని కంప్యూటర్ వస్తే ముందు చూడాల్సింది కేబుల్. తర్వాత ర్యామ్ తీసి రబ్బరుతో రుద్ది పెట్టాలి. ఆ తర్వాత తెరకు బొమ్మ పంపే గ్రాఫిక్స్ కార్డు ఊడదీసి గట్టిగా కూర్చోబెట్టాలి. కార్డు కాలిపోయిందనే మాట అన్నిటికంటే చివర రావాలి. కేబుల్ ఇంట్లో ఎక్కడ పెట్టారని అడిగాను. షమీమక్క వేలు పెట్టి చూపించింది. పైన.

అంతే. పెట్టె వెనక తెర కేబుల్ గుచ్చే పోర్టులు ఒకేలాంటివి రెండుంటాయి. పైది మదర్‌బోర్డుది, కిందిది కార్డుది. ఆమె కంప్యూటర్‌లాంటి వాటిలో కార్డు ఉన్నప్పుడు బొమ్మ కిందినుంచే వస్తుంది. చాచా తుడవడం బాగానే తుడిచాడు, బిగించడం బాగానే బిగించాడు, కేబుల్ ఒక్కటి పైన పెట్టాడు. నేను నా కేబుల్ కింద పెట్టి స్విచ్ వేశాను. తెర వెలిగింది. ఎవరిదో పెళ్లికూతురి ఫోటో, అరచేతుల నిండా గోరింటాకు. నా దుకాణంలో తెర నా వైపు తిరిగి ఉంటుంది. షమీమక్క బల్లకు అవతల నిలబడింది.

నేను తెర ఆపేశాను.

ఎందుకు ఆపాను? నన్ను నేను ఎన్నిసార్లు ప్రశ్నించుకున్నానో. బోణి కదా, ఊరికే చేసి పంపితే ఎలా అనుకున్నాను. పది రూపాయలు అడిగితే బోణి అయ్యేది కాదా? అయ్యేది. మరి అడగలేదేం? పెద్ద మెట్టు ఎక్కి మొదలుపెడదాం, ఆమె దించుతుంది, మళ్లీ చూడమంటుంది, చూసినట్టు చేసి కేబుల్ దగ్గరికి దిగి, శ్రమ కింద ఏ నూటయాభయ్యో తీసుకుందాం అనుకున్నాను. నిజంగా అంతే అనుకున్నాను. అబద్ధాన్ని కూడా ధరలాగే చెప్పాను, ఎవరో ఒకరు తగ్గించి అడుగుతారన్న నమ్మకంతో.

"కార్డు కాలిపోయిందక్కా," అన్నాను. "ఇంకోటి వెయ్యాలె. నాలుగున్నర వేలైతది. పాతదానికి రెండు వందలు తీసేస్త."

అని ఎదురుచూశాను. ఆమె బేరం చేయలేదు. జర మళ్లీ చూడన్నా అనలేదు. వేరే దుకాణంలో అడిగొస్తానని బెదిరించలేదు. కొంగు కొసను వేలికి చుట్టుకుంటూ ఒక్కటే అడిగింది.

"మా మామ తుడిచినందుకేనా అన్నా?"

దిగడానికి మళ్లీ జాగా దొరికింది చూడండి. ఇక్కడైనా దిగవచ్చు. కాదక్కా, ఆయన తప్పేం లేదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ చెప్పిన ధరకు కారణం కావాలి కదా, కారణాన్ని ఆమే చేతిలో పెడుతుంటే ఏ వ్యాపారి వద్దంటాడు?

"పెద్దమనిషి, తెల్వక పెట్టిండు," అన్నాను. "రేడియోల చెయ్యి ఇందుల పెడితే గిట్లనే అయితదక్కా."

"సరే అన్నా. నువ్వు చూసి చెప్పినవంటే గంతే ఇగ. నీ దుకాణం సల్లగుండ."

నా దగ్గరున్న పాత కార్డొకటి వేశాను. వెళ్లేటప్పుడు జాగ్రత్త కూడా చెప్పాను, ఈ కార్డుకు కేబుల్ కిందే పెట్టాలని. ఇంటికెళ్లి కింద పెట్టింది, బొమ్మ వచ్చింది, నా అబద్ధం నిజమని రుజువైపోయింది. ఆమె కార్డును నా బిల్లుల కంప్యూటర్‌లో వేసుకున్నాను. అది కాలిపోనిది, చక్కటిది. అప్పటినుంచి నేను కొట్టిన ప్రతి బిల్లూ ముందు ఆ కార్డు చూపించిన తెర మీదే చూసుకున్నాను. రోజూ పొద్దున స్విచ్ వేయగానే వెలిగేది. ఒక్కసారైనా చెడిపోతే బాగుండునని అనుకున్న రోజులున్నాయి.

కొన్ని నెలల తర్వాత షమీమక్క మౌస్ కొనడానికి వచ్చింది. చాచా ఎట్లున్నడు అని అడిగాను. ఆయన ఇప్పుడు ఇంట్లో ఏ సామానూ ముట్టుకోవడం లేదంది. తను ఒక్క మాట కూడా అనలేదట, ఆయనే స్క్రూడ్రైవర్లు, సోల్డరింగ్ కడ్డీ, కరెంటు చూసే మీటరు అన్నీ సంచిలో వేసి పాత సామాన్లవాడికి ఇచ్చేశాడట. బల్బు మార్చడానికి కూడా పక్కింటివాళ్లను పిలుస్తున్నాడట. నేను మౌస్ మీద ఇరవై రూపాయలు తగ్గించాను. ఆమె అడగలేదు, నేనే తగ్గించాను. సిగ్గుకు నేను కట్టిన ధర అది.

తర్వాత వాళ్లు స్టూడియోను మానుకోటకు మార్చుకున్నారు. చాచా భూపాలపల్లిలో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడని విన్నాను. దూరం పెరిగితే బరువు తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు కానీ, ఒక మార్పు వచ్చింది. బల్ల మీద తెరను గిరాకీ వైపు తిప్పాను. ఇప్పుడు నా దుకాణంలో వెలిగినా ఆరినా ఇద్దరికీ కనబడుతుంది. ఎందుకలా తిప్పావని ఎవరూ అడగలేదు. అడిగితే ఏదో ఒక తెలివైన జవాబు చెప్పేవాడిని.

ఈ మధ్య భూపాలపల్లిలో ఒక బట్టల షాపులో కెమెరాలు బిగించే పని దొరికింది. పక్కనే లేడీస్ టైలరింగ్ కొట్టు. ఆ టైలరమ్మ వచ్చి, టేబుల్ ఫ్యాన్ తిరగడం లేదు, జర చూడమని పిలిచింది. లోపలికి వెళ్తే ఫ్యాన్ పక్కనే కుర్చీలో చాచా. ఆ టైలరమ్మే ఆయన కూతురు. ఒకప్పుడు మూడు ఊళ్ల రేడియోలు పలికించిన మనిషి, చేతికందే దూరంలో ఫ్యాన్ ఆగిపోతే, బయటి మనిషిని పిలిపించుకుని చూస్తున్నాడు. నన్ను గుర్తుపట్టాడు. నువ్వే చూడు బిడ్డా, నా చేతులు మంచిగ లేవు అన్నాడు, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని.

ఈసారి మెట్టు ఎక్కలేదు. నిలబడిన చోటే చెప్పేశాను. కార్డు కాలలేదని, కేబుల్ పైన పెట్టడం తప్ప ఆయన ఏ తప్పూ చేయలేదని, నాకు ఆ రోజే తెలుసని. కూతురు మిషన్ తొక్కడం ఆపేసింది.

చాచా నేను ఊహించని మాట అడిగాడు.

"కింద పెట్టాల్నా?"

"కింద పెట్టాలె చాచా."

"గంతేనా?"

"గంతే."

నా చేతిలోని టెస్టర్ కోసం చెయ్యి చాపాడు. ఫ్యాన్ ప్లగ్గు విప్పాడు. ఒక స్క్రూ కింద పడింది, నేను వంగబోతే వద్దని తనే వంగి తీసుకున్నాడు. లోపల ఒక తీగ ఊడి ఉంది. చుట్టి బిగించాడు. ఫ్యాన్ తిరిగింది, కత్తిరింపు ముక్కలు నేల మీద లేచి ఎగిరాయి. ఆయన నా వైపు చూసి నవ్వలేదు. మాఫ్ చేశానని అనలేదు. నేను అడగలేదు కూడా, అడిగితే అదీ ఒక బేరమే అవుతుంది. టెస్టర్ మాత్రం తిరిగి ఇవ్వలేదు.

"కోడలికి నువ్వే చెప్పు," అన్నాడు. "నేను చెప్ప. ఒక్కటే మాట చెప్పు. ఆమెకు బేరం రాదు."

మొన్న ఆయన కూతురికి ఫోన్ చేశాను. వాడకట్టులోని మిక్సీలు, ఇస్త్రీ పెట్టెలు అన్నీ కొట్టుకే వస్తున్నాయట, బట్టలు పెట్టుకోవడానికి జాగా లేదని నన్నే తిట్టింది. అంత హాయిగా తిట్లు తిని ఎన్నాళ్లయిందో.

రేపు పొద్దున బండికి మానుకోట వెళ్తున్నాను, బోణి కాకముందే. ఆమె ఏమంటుందో తెలియదు. చెప్పుతో కొట్టినా కొట్టవచ్చు, ఎప్పటిలాగే "సరే అన్నా" అనేసి ఊరుకోవచ్చు, ఆ రెండోదే నాకు ఎక్కువ భయం. కార్డు పాతబడింది కదా, వేసిన కార్డును ఆమె ఇన్నేళ్లు వాడుకుంది కదా, దాని అద్దె పట్టుకోరాదా అని లోపలి దుకాణదారు గొణుగుతూనే ఉన్నాడు. గొణగనీ. ఆమె కార్డు నా కంప్యూటర్‌లోంచి ఊడదీసి, తుడిచి, బట్టలో చుట్టాను. ఆ పాత పెట్టెకు పై పోర్టు పనిచేయదు, ఇప్పుడు నా తెర నల్లగా ఉంది. అందుకే ఇదంతా చేత్తో రాస్తున్నాను, ఆ రోజు ఇవ్వని బిల్లు కూడా.

కేబుల్ కింది పోర్టులో పెట్టినందుకు, బోణి కింద: పది రూపాయలు. ఇది న్యాయంగా నాది.

కొత్తగా వేసిన కార్డు: అవసరం లేదు.

మీ దగ్గర తీసుకున్నది: నాలుగు వేల మూడు వందలు, మీ కార్డు.

తిరిగి ఇస్తున్నది: నాలుగు వేల రెండు వందల తొంభై, మీ కార్డు.

చాచా చేతులు ఒళ్లో ఊరికే ఉన్న ఏళ్లు: దీని ఎదురుగా అంకె వేయడానికి చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. వేయలేదు. మొత్తం దగ్గర "ఇంకా బాకీ" అని రాసి, కింద నా పూర్తి పేరు పెట్టాను.