గంపపిల్లలు పుస్తకమెక్కిన రోజు

1981 జూలై పదహారో తేదీ, గురువారం, పొద్దున్న పది గంటలకి మా నర్సు సరోజినమ్మ గారూ నేనూ కాట్రేనికోన దిగువన, సముద్రం వేపున్న ఒక పేటలో అడుగుపెట్టేం. నేను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆయాని. నర్సు వెనకాల మందుపెట్టె మోసే ఉద్యోగం. ముప్పై ఎనిమిదేళ్ళకి వయోజన విద్య బడిలో అక్షరాలు దిద్దేను. అందుకని పేర్లు రాసే పని కూడా నాకే అప్పజెప్పేరు. నా చేతిరాత బాగుండదు. తప్పు మాత్రం ఉండదు.

పక్క పేటలో కంఠసర్పితో ఒక పిల్లాడు పోయేడు. గొంతులో పొర కట్టి ఊపిరాడనివ్వని జబ్బు అది. పద్ధతేమిటంటే, ముందు ఇంటింటా అయిదేళ్ళలోపు పిల్లల పేర్లు రాయాలి, ఆ లెక్క ప్రకారం ఐసుపెట్టెలోంచి మందు తియ్యాలి, ఆ తరవాతే సూది. మధ్యాహ్నానికి ఐసు కరిగిపోతుంది. కరిగితే మందు పారబొయ్యడమే.

మొదటి ఇల్లు కాంతమ్మది. పిల్లలెంతమందని అడిగితే "ఇద్దరండీ" అంది. నేను పుస్తకం తెరిచేనో లేదో, చూరు కింద బోర్లించిన పెద్ద గంప కదిలింది. ఎత్తి చూస్తే మూడేళ్ళ పిల్ల.

"మూసెయ్యండి. నేను గంపపిల్లనండీ" అంది.

ఆ మాట మా అమ్మది. ఆవిడ పుట్టిల్లు ఆ పేటే. నా చిన్నప్పుడు బడి పంతులు గారు పేర్లు రాసుకోడానికి వస్తే, అన్ననీ చెల్లినీ ముందుకి తోసి, "నువ్వు గంపపిల్లవే, పో" అని నన్ను పెరట్లోకి తరిమేది. నేను బడి మొహం చూడకపోవడం అందువల్లే. నేనంటే ఆవిడకి ఇష్టంలేదనుకున్నాను.

ఎందుకు దాచేవంటే కాంతమ్మ, "ఏమోనండీ, మామ్మగారు అలాగే చెయ్యమన్నారండీ" అంది. మామ్మగారంటే కాంతమ్మ భర్తకి నాయనమ్మ, సువార్తమ్మ. ఆవిడ ఒక పట్టాన చెప్పలేదు. నేనూ వదల్లేదు. ఆవిడ పసిపిల్లగా ఉండగా పేటలో వాంతుల జాడ్యం పుట్టిందట. ఎవరో సర్కారు మనిషి వచ్చి పిల్లల పేర్లన్నీ కాగితం మీద రాసుకెళ్ళేడట. వారం తిరక్కుండా రాసినవాళ్ళందరూ పోయేరు. ఆడుకుంటూ గంప కింద దూరి, లెక్కకి తప్పిపోయిన పిల్ల ఒక్కతే దక్కింది. ఆ పిల్లే సువార్తమ్మ. అప్పట్నించీ ఇంటికొకర్ని రాయించకుండా దాచుకుంటున్నారు. మా అమ్మ పుట్టేసరికే అది ఆనవాయితీ.

నర్సమ్మ గారు గడియారం చూసి, "ఉన్నవాళ్ళకి వేసేసి పోదాం భాగ్యం" అన్నారు. కుదరదండీ అన్నాను. పైవాళ్ళకి నేను ఎదురుచెప్పడం అదే మొదలు. ఇంటికొక పిల్లని జబ్బుకి ఒప్పజెప్పి పోయినట్టవుతుందన్నాను.

పుస్తకం తెచ్చి సువార్తమ్మ ముందు పెట్టేను.

"పెద్దమ్మా, నేనూ గంపపిల్లనే. ఈ ఉద్యోగంతో నా పేరు సర్కారు పుస్తకమెక్కి తొమ్మిదేళ్ళయింది. చచ్చేనా?"

"చావడమా! ఈనిన గేదెలా ఉన్నావు" అందావిడ. చుట్టూ చేరిన తల్లులందరూ నవ్వేరు.

"మరి? వాళ్ళని తీసుకుపోయింది జాడ్యం. కాగితం ఏం చేసింది? ఇవాళ పేరు లేని పిల్లకి సూది లేదు."

ఆవిడ రేషను కార్డులోగాని ఓట్ల జాబితాలోగాని ఏనాడూ పేరు రాయించుకోని మనిషి.

"అయితే ముందు నాది రాయి. పోతే నేనే పోతాను" అంది.

రాసేను. నా వేళ్ళవంకే చూస్తూ కూచుంది. ముగించేక, "ఎత్తండే గంపలు" అని కేకేసింది. ధాన్యపు గాదె వెనక నించి ఒకడు, దడి చాటు నించి ఒకడు, గంపల కింద నించి కాంతమ్మ పిల్లతో కలిపి ఇద్దరు. మందు సరిపోయింది. చెప్పిన లెక్కకి నేనెప్పుడూ ఒక సీసా ఎక్కువే పెట్టేదాన్ని. పన్నెండున్నరకి ఆఖరి సూది పడింది. నెలకోసారి వెళ్ళి మిగతా రెండు సూదులూ వేసేం. ఆ పేటలోకి కంఠసర్పి రాలేదు. ఇది నేను గొప్పగానే చెప్పుకుంటాను.

తెలుసుకున్నదేమిటంటే, భయం పిల్లలకి అందడానికి ఎవరూ కథ చెప్పక్కర్లేదు, గంప కింద కూచోబెడితే చాలు. కాంతమ్మకి కారణం తెలీదు, అయినా పని తప్పలేదు. ఆ తరవాత ఏ ఇంటికెళ్ళినా, చెప్పిన పేర్లు రాసుకుని, చెప్పనిదెవరమ్మా అని మెల్లిగా అడిగేదాన్ని. మా అమ్మ ముగ్గురిలో నన్నెందుకు ఏరుకుందో కూడా ఆ రోజే తెలిసింది. ఇష్టంలేక కాదు, పోగొట్టుకోలేక.

ఆ రోజు అక్కడున్నవాళ్ళు: నర్సు సరోజినమ్మ గారు. సువార్తమ్మ. తల్లులు కాంతమ్మ, దానమ్మ, ఎస్తేరు, కరుణమ్మ. వాకిట్లో నిలబడ్డ పిల్లలు ఏసురత్నం, దీనమ్మ, ప్రకాశం, సుగుణ, లాజరు. దాచినచోటు నించి వచ్చినవాళ్ళు రూతు, సామ్యేలు, చిట్టిబాబు, మణి. ఆయా భాగ్యమ్మ.