మిగిలిపోయిన తొమ్మిది ముక్కలు

బాన్సువాడలో పొలాల కరెంటు మోటర్లు విప్పి, కాలిన తీగ తీసి, కొత్త తీగ చుట్టి బతుకుతున్నవాణ్ని నేను. బడి చదువు పదో తరగతితో ఆగింది. ఆ తర్వాతి చదువంతా ఊరి గ్రంథాలయంలోనే. రెండు బీరువాలు పై అర నుంచి కింది అర దాకా చదివాను. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. డిగ్రీలు ఉన్నవాళ్లు చాలామంది నా దుకాణానికి వస్తారు. వాళ్లు చివరిసారి పుస్తకం తెరిచింది పరీక్షకు ముందురోజే.

నా కూతురికి తొమ్మిదేళ్లు. ఏడేళ్లు నిండేదాకా ప్రతి ఆదివారం నా వెంట గ్రంథాలయానికి వచ్చేది. ఆ తర్వాత ఫోనులో ఒక ఆట దొరికింది. నీలం టోపీ పెట్టుకున్న సిపాయి ఒకడు గోడలు దూకుతూ నక్షత్రాలు ఏరుకుంటాడు. చస్తాడు, లేస్తాడు, మళ్లీ దూకుతాడు. వాడికి ఊరు లేదు, తల్లి లేదు, ఎందుకు దూకుతున్నాడో వాడికే తెలియదు. నా ఆదివారాలు ఆ సిపాయి పాలయ్యాయి.

పోయిన ఎండాకాలం సెలవులకు నా బావమరిది హైదరాబాదు నుంచి పెద్ద పెట్టె ఒకటి పట్టుకొచ్చాడు. ఆ ఆటలో కనిపించే కోటనే చిన్న చిన్న ప్లాస్టిక్ ఇటుకలతో కట్టుకోవాలట. ఫోనులో ఉన్నది చాలక, దాన్ని ఇంట్లో కూడా నిలబెట్టాలన్నమాట.

"ఇసొంటియి ఆడితే పిల్లలకు దిమాక్ పెరుగుతది బావా" అన్నాడు. పెట్టె మీద అచ్చం అదే రాసి ఉంది. ఆ ఏడాది అతను చదివిన వాక్యం అదొక్కటే అయి ఉంటుంది.

పిల్ల పెట్టెను ఒళ్లో పెట్టుకుని నా పక్కన కూర్చుంది. "డాడీ, నువ్వే కట్టాలె నాతోని. నీకు బిగించుడు మంచిగొస్తది గదా."

నాకు సందు దొరికింది. "కడత. కోట అయిపోయినంక ఆదివారం నాతోని లైబ్రరీకి రావాలె మరి."

"ఎన్ని ఆదివారాలు?"

"ఒక్కటి వస్తే చాలు."

ఒక్కసారి వస్తే మిగతా ఆదివారాలు వాటంతట అవే వస్తాయని నా ధీమా. పిల్ల చెయ్యి చాచింది, నేను చెయ్యి వేశాను. ఆ తర్వాత రెండు వారాలు నేను ఇటుకల ముందు కింద కూర్చున్నది కోట కోసం కాదు, ఆ ఒక్క ఆదివారం కోసం.

పెట్టెలో ఇటుకలతో పాటు లావుపాటి పుస్తకం ఉంది. తిప్పి చూశాను. పేజీలన్నీ బొమ్మలే, ఒక్క అక్షరం లేదు. ఈ ముక్క ఇక్కడ, ఆ ముక్క అక్కడ అని బాణపు గుర్తులు. చదువు రానివాడి కోసం, చదవాలని లేనివాడి కోసం అచ్చువేసిన పుస్తకం. దాన్ని పిల్లకు ఇచ్చేసి, "నువ్వు చూసి చెప్పు, నేను పెడత" అన్నాను.

కడుతున్నకొద్దీ ఆ కోట మీద నాకు ఏవగింపు పెరిగింది. కోటల గురించి నేను చదివాను. చుట్టూ కందకం ఉండాలి, లోపల బావి ఉండాలి, గింజలు దాచే గాదె ఉండాలి. ఇందులో అవేవీ లేవు. గులాబీ రంగు బురుజులు మాత్రం నాలుగు ఉన్నాయి.

"గీ కోటల ఉన్నోళ్లు నీళ్లు లేక మూడు దినాలల్ల సస్తరు" అన్నాను.

"వాళ్లు నీళ్లు తాగరు డాడీ. స్టార్లు తింటరు."

"వాళ్లకు అరుగుతదా?"

పిల్ల కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు విని, ఆదివారం దగ్గరపడిందనుకున్నాను.

రెండో శనివారం మధ్యాహ్నం చివరి జెండా బిగించాం. పిల్ల చప్పట్లు కొట్టి, పెట్టెలో వచ్చిన సిపాయి బొమ్మను గోడ మీద నిలబెట్టింది. నేను మాత్రం ఇటుకలు పోసుకున్న పళ్లెం వైపు చూశాను. అందులో తొమ్మిది సన్నని ముక్కలు మిగిలి ఉన్నాయి.

మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. మోటరు బిగించాక ఒక్క వాషరు మిగిలినా దాన్ని రైతుకు ఇవ్వం, మళ్లీ విప్పుతాం. మిగిలిందంటే లోపల ఎక్కడో తక్కువైనట్టే. పాతికేళ్లుగా నేను ఒక్కసారి కూడా దాన్ని తప్పలేదు.

"ఇప్పాలె" అన్నాను.

"వద్దు డాడీ! అవి ఎక్స్‌ట్రా. చిన్నయి పోతయని కంపెనోళ్లే ఎక్కువేస్తరు. మామ చెప్పిండు."

"మీ మామ చెప్పిండా? అయితే తప్పే."

నా భార్య వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. తల ఎత్తకుండానే అంది: "ఏ కంపెనోడు ఎక్కువిస్తడే బిడ్డా? మా కట్టల ఒక్క బీడీ తక్కువైతె మొకం మీద కొడ్తరు."

ఇంట్లో పెద్దవాళ్లం ఇద్దరమూ ఒక్క మాట మీద ఉన్నాం. నేను జెండా పీకాను. బురుజులు పీకాను. పిల్ల నా మోచెయ్యి పట్టుకుని లాగుతూ ఏడ్చింది. "అయిపోయింది గదా డాడీ, ఎందుకిప్పుతున్నవ్!" అంటున్నా ఆగకుండా పునాది పలక దాకా విప్పేశాను. ఆ తొమ్మిదింటికీ ఎక్కడా చోటు కనిపించలేదు.

అప్పుడు పుస్తకం చివరి పేజీలు తిప్పాను. ఏ ముక్క ఎన్ని కావాలో అక్కడ బొమ్మ పక్కన అంకె వేసి ఉంది. పొద్దుగూకేదాకా ఒక్కొక్కటీ లెక్కపెట్టాను. అన్నీ సరిపోయాయి. ఆ తొమ్మిదీ ఎక్కువ ఇచ్చినవే. అంత పెద్ద పెట్టె నిండా రంగులు పూసినవాళ్లు ఆ సంగతి ఒక్క వాక్యంలో రాయలేకపోయారు. రాసి ఉంటే నేను చదివేవాణ్ని. నా తప్పు ఒప్పుకుంటాను కానీ, వాళ్ల మీద నాకున్న చులకన ఈనాటికీ తగ్గలేదు.

"దా బిడ్డా, మళ్ల కడదాం" అన్నాను.

"నువ్వు ముట్టకు. ఇగ నేనే కట్టుకుంట."

నేను దగ్గర కూర్చుంటే పళ్లెం అవతలికి జరిపేది. ఒకసారి తలుపు పలక తలకిందులుగా పెడుతుంటే చెప్పబోయాను. "తెలుసు" అని, అలాగే పెట్టి, తర్వాత నేను దుకాణానికి పోయాక సరిచేసుకుంది. మూడు వారాలు పట్టింది.

కోట పూర్తయిన మరునాడు ఆదివారం. నేను అడగలేదు. పొద్దున్నే తల దువ్వుకుని, చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది. "నడువు. మాటిచ్చిన గదా."

దారి పొడుగునా నేనే మాట్లాడాను. గ్రంథాలయంలో ఫ్యాను కింది బెంచీ మీద కూర్చోబెట్టి, ఆమె కోసం నెలల కిందటే చూసిపెట్టుకున్న సముద్ర ప్రయాణాల పుస్తకం తెచ్చి ముందు పెట్టాను. తెరిచి మరీ పెట్టాను. ఆమె చేతులు ఒళ్లోంచి తియ్యలేదు.

"సదువు బిడ్డా, మస్తుంటది."

"వస్తనన్న. వచ్చిన."

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే బుజ్జగించేవాణ్ని. గంటసేపు కూర్చుని, పేపరు చదువుతున్న ముసలాయన్ను చూసింది, కిటికీలోంచి బస్సులను చూసింది. నేను ఎదుటి బెంచీ మీద ఏదో పుస్తకం పట్టుకున్నాను. ఎన్నో పేజీలో ఉన్నానో చూసుకోలేదు.

"పోదామా?" అని అడిగింది.

సముద్రాల పుస్తకం మూసి, తీసిన అరలోనే పెట్టి వచ్చాను. అప్పటికే ఆమె మెట్లు దిగి రోడ్డు మీద నిలబడి ఉంది.