గుమ్మం టైలరు

గుమ్మం టైలరు తలుపు పక్క కుర్చీలో తప్ప ఇంకెక్కడా కూర్చోలేడు. పెళ్లికెళ్లినా అంతే, బ్యాంకుకెళ్లినా అంతే. తలుపు మూసుకుపోతుందేమో, ఊపిరాడదేమో, అందరి ముందూ పడిపోతానేమో అని ఏళ్ల తరబడి బెంగ. అందుకని ఎక్కడికైనా అందరికంటే ముందెళ్లి ఆ కుర్చీ పట్టేసేవాడు. దొరకదేమోనన్న అనుమానం ఉంటే ఇంట్లో స్టూలు చంకన పెట్టుకెళ్లేవాడు.

కుట్టుమిషను కూడా సగం లోపల, సగం వీధిలో. వాన పడితే కుడుతున్న బట్టని ఒళ్లో దాచుకునేవాడు. పాదాలు రెండూ తడిసి ముద్దయ్యేవి.

"ఇంకాస్త బయటికి జరిపితే బస్సు ఎక్కించుకుపోతుంది," అనేది భార్య.

"తలుపు కనబడాలి కదే."

"తలుపులోనే కూర్చున్నారు. ఇంకెలా కనబడుతుంది?"

ఆవిడే పోరు పెట్టి మనసు డాక్టరమ్మ దగ్గరికి పంపింది. రెండేళ్లలో ఊపిరి నెమ్మదిగా వదలడం నేర్చుకున్నాడు. భయాన్ని పేరు పెట్టి పిలవడం నేర్చుకున్నాడు. అక్కడా కుర్చీ మాత్రం మారలేదు. పైగా పేషెంట్లు కూర్చునే ఆ గది తలుపుకి నూనె వేశాడు, గాలికి మూసుకోకుండా ఇసుక సంచి కుట్టి అడ్డం పెట్టాడు.

"మార్పు వస్తోందండీ," అనేది డాక్టరమ్మ.

"నత్తయినా ఈపాటికి ఊరు దాటేసేది మేడమ్."

ఒక రోజు మాత్రం ఇక వైద్యం మానేస్తానని చెప్పేయడానికే వెళ్లాడు. ఏడుపొచ్చేంత విసుగ్గా ఉంది. అలవాటుగా తన కుర్చీలో కూర్చున్నాడు. గది నిండాక ఒక అమ్మాయి వచ్చింది. లోపలికి ఒక అడుగు వేస్తే వెనక్కి రెండు వేస్తోంది. బ్యాగు పట్టీని మెలితిప్పేస్తోంది. ఆ మొహం ఆయన రోజూ గడ్డం గీసుకుంటూ అద్దంలో చూస్తున్నదే.

"ఇలా కూర్చో తల్లీ," అని లేచాడు.

"వద్దండీ, వెళ్లిపోతాను."

"వెళ్లిపోవడానికి కూడా ఇదే మంచి కుర్చీ. ఈ తలుపు మూసుకోదు, ఆ సంచి నేనే కుట్టాను. గొళ్లెం కూడా పని చెయ్యదు."

"గొళ్లెం కూడా చూశారా?"

"ముందు అదే చూస్తాను."

ఆ అమ్మాయి కూర్చుంది. కాస్త నవ్వింది కూడా. ఇక ఖాళీగా ఉన్నది నీళ్ల డ్రమ్ము పక్కన మూల కుర్చీ ఒక్కటే. ఆయన అందులో కూలబడి, అక్కడినుంచే పాఠం మొదలుపెట్టాడు.

"నెమ్మదిగా వదులు. ఇంకా నెమ్మదిగా. మనకేం బస్సు తప్పిపోవట్లేదు."

గదిలో ఉన్నవాళ్లంతా ఊపిరి వదిలారు.

డాక్టరమ్మ బయటికొచ్చి తలుపు వైపు చూసింది, తర్వాత మూల వైపు చూసింది. "మీరేంటి అక్కడ?"

అప్పుడు చూసుకున్నాడు. తలుపుకీ తనకీ మధ్య గదంతా ఉంది. గుండె దడదడలాడింది, కాసేపటికి దానంతటదే సర్దుకుంది. ప్రాణం హాయిగా అనిపించింది.

"ఇవాళ ఏదో చెప్పేస్తారని మీ ఆవిడ ఫోన్ చేసింది."

"అవునండీ. వచ్చే వారం ఎప్పుడు రమ్మంటారు?"

ఇంటికెళ్లి మిషనుని జానెడు లోపలికి జరిపాడు.

"ఇంతేనా?" అంది భార్య.

"ఇవాళ్టికి ఇంతే."

సాయంత్రం వాన పడింది. ఈసారి ఆయనకి ఒక్క పాదమే తడిసింది.