నడిమింటికి పగలు వచ్చింది

తాండూరులో మా ఇంటికి అటూ ఇటూ మేడలు లేచాక నడిమింట్లో మిట్టమధ్యాహ్నం కూడా బల్బు వేయాల్సి వచ్చేది. మా అత్తమ్మ కందిపప్పు ఏరేది ఆ గదిలోనే. బషీరాబాద్ దగ్గర సొంత చేలో కందులు పండించిన మనిషి. మోకాళ్లు మొరాయించాక ఆమెకు మిగిలిన పని అదొక్కటే.

ఒకరోజు పప్పన్నంలో రాయి తగిలి నా పన్ను అంచు విరిగింది. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. "నీ కండ్లు పోయినయత్తమ్మా. ఇగ చేట ముట్టకు," అన్నాను. ఆమె చేట తెచ్చి నా ముందు పెట్టింది.

అప్పటినుంచి పప్పు నేనే ఏరాను. ఆమె పొద్దంతా గోడకు ఆనుకుని కూర్చునేది. తిండి తగ్గింది. "ఇగ నేనెందుకు, తిని కూసునేతందుకా?" అని పక్కింటామెతో అంటుంటే విన్నాను. నోరు జారినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

వికారాబాద్‌లో మా ఆడబిడ్డ ఇంటికి పోయినప్పుడు అక్కడ ఇంటి కప్పులోంచి కిందికి దిగిన గొట్టం చూశాను. పైన బోర్లించిన గిన్నెలాంటి గాజు మూత, లోపల అద్దంలా మెరిసే గొట్టం, కింద తెల్లటి పలక. పైన ఎండ పడితే చాలు, కింద గదంతా పగలే. మాకూ పెట్టించమని మా ఆయన ప్రాణం తీశాను.

మేస్త్రీ కప్పు కోస్తుంటే అత్తమ్మ ఊరుకోలేదు. "ఇంటి నెత్తికి బొక్క పెడ్తున్రు. వానొస్తే?"

"ఫికర్ చేయకవ్వా. చుక్క కారితే నన్ను పిలువు," అన్నాడతను.

గొట్టం బిగించి మూత పెట్టగానే గది తెల్లబడింది. అత్తమ్మ పైకి చూసి, "లైటు బంద్ చేయి, బిల్లొస్తది," అంది. మేం నవ్వితే ఆమెకు కోపమొచ్చింది.

మర్నాడు చేట ఆమె ముందు పెట్టాను. పోసింది మాత్రం నేను ఏరిపెట్టిన పప్పే. మళ్లీ రాయి మిగిలిపోతే ఆమె మనసు విరుగుతుందని నా భయం. "జర చూస్తవా అత్తమ్మా?" అన్నాను. ఆమె చాలాసేపు వంగి వేళ్లతో పప్పు జరుపుతూ కూర్చుంది.

చివరికి నా చెయ్యి పట్టుకుని అరచేతిలో నాలుగు రాళ్లు పెట్టింది.

"గిది నువ్వు ఏరిందే కదా?"

ఆమె కళ్లకేం కాలేదు. తప్పు ఆ చీకటి గదిదైతే ఇన్నాళ్లూ నేను ఆమెను తప్పుపట్టాను. సిగ్గుతో తల వంచుకున్నా, లోపల మాత్రం ప్రాణం లేచొచ్చింది.

"ఇగ నువ్వు చేట ముట్టకు బిడ్డా," అంది నవ్వుతూ.

ఆ మధ్యాహ్నం అన్నంలోకి పప్పు అడిగి మళ్లీ వేయించుకుంది.