సుభద్రమ్మగారి సూదికి చోటు

బ్రాడీపేటలో పక్షుల వైద్యశాల నడిపిన డాక్టర్ సుభద్రమ్మగారు మంగళవారం తెల్లవారుజామున కన్నుమూశారు. ముందురోజు సాయంత్రం బాతుల యజమాని ఒకాయనకు ఫోనులో చీవాట్లు పెట్టిన మనిషి ఇక లేరంటే, ఆమె సహాయకుణ్ణైన నాకు ఇంకా నమ్మకం కుదరడం లేదు.

కోళ్ళ క్షయను పట్టుకోవడంలో ఆమెకో వరస ఉండేది: ముందు చెయ్యి, తర్వాత సూది, చివర సూక్ష్మదర్శిని. కోడి రొమ్ము తడిమే ఆ చెయ్యి యజమానిదే కావాలి. “కళ్ళు మూసుకుని పట్టుకో. ఈకలు అబద్ధమాడతాయి, ఎముక ఆడదు” అనేవారు.

వేటపాలెం జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసే మస్తాన్ ఒకసారి పందెంకోడిని తెచ్చాడు.

“రోజూ జీడిపప్పేనండీ. తింటంది, తేలిపోతంది. దిష్టేమోనని ఎండుమిరపకాయలు కూడా తిప్పేశా.”

“మిరపకాయలకి లొంగే రోగమైతే గుంటూరులో నాకేం పనోయ్? రొమ్ము పట్టుకో.”

పట్టుకున్నాడు. “కండ లేదండీ, ఎముక కత్తిలా ఉంది” అన్నాడు, మొహం వేలాడేసుకుని. “ఇంట్లో మా ఆవిడ పెట్టలున్నాయి. వాటికీ అంటితే నన్ను గడప తొక్కనివ్వదు.”

క్షయ పరీక్షకు కోడి గొంతు కింద వేలాడే ఎర్రని తోలుమడతల్లో ఒకదానికి మందు ఎక్కించాలి. రెండు రోజులకు అది వాస్తే రోగమున్నట్టే. నేను పద్ధతి ప్రకారం సూది సిద్ధం చేసి కోడి తల ఎత్తాను. మడతలే లేవు! బరిలో ఎదుటి కోడి ముక్కుకు దొరక్కూడదని పందెగాళ్ళు వాటిని ముందే కోసేస్తారు. సుభద్రమ్మగారు కళ్ళనీళ్ళు తిరిగేలా నవ్వారు.

“అబ్బాయ్, నీ పుస్తకం రాసినాయన వేటపాలెం రాలేదు. పద, పెట్టల్ని అడుగుదాం.”

పుంజు బతకదని ఆమె దాచకుండా చెప్పారు. అది పోయాక కోసి చూస్తే కాలేయం నిండా గడ్డలు కనిపించాయి. సూక్ష్మదర్శినిలోకి మస్తాన్‌నే చూడమన్నారు. “నీలంగుడ్డ మీద కారం చల్లినట్టుందండీ” అన్నాడు. ఆ ఎర్రని నలుసులే క్షయ క్రిములు.

ఆ పుంజుతో తిరిగిన ముసలి పెట్టలకు సూది వేసినచోట వాచింది. వేరే గూట్లో పెరిగిన పడుచు పెట్టలకు వాచలేదు. “పాత దొడ్డి వదిలెయ్యి, రోగం మట్టిలో ఉంటుంది. ఈ పడుచువాటిని కొత్తచోట పెంచుకో” అన్నారామె.

“మరి నేనండీ?” అన్నాడు మస్తాన్.

“నీ పరీక్ష మీ ఆవిడ చూసుకుంటుంది.”

నిన్న మస్తాన్ ఆ పెట్టల సంతతిలోని పుంజును చంకన పెట్టుకొచ్చాడు. దాని గొంతు కింద ఎర్రని మడతలు నిండుగా వేలాడుతున్నాయి.

“పందెంకోడికి కొయ్యలేదేం?” అన్నాను.

“డాక్టరమ్మగారి సూదికి చోటుండాలని మా ఆవిడ కత్తి పట్టనివ్వలేదండీ.” ఖాళీ కుర్చీ వైపు చూశాడు. “ఇక మీరే చూడాలి.”

ఆ కుర్చీకి సరిపడే మనిషి మళ్ళీ దొరకరు. సూది తియ్యబోయి ఆగాను. కళ్ళు మూసుకుని పుంజు రొమ్ము మీద చెయ్యి వేశాను.

నిండుగా ఉందమ్మా.