కంపెనీ సైలెన్సర్ పెట్టమని నేనిచ్చిన ఉత్తర్వు

పదవీ విరమణకు ఇంకా రెండేళ్లు ఉన్నాయనగా, ఒక జూన్ మొదటి వారంలో నన్ను జహీరాబాద్‌కు బదిలీ చేశారు. హోదా మోటారు వాహనాల తనిఖీ అధికారి. క్లుప్తంగా ఎంవీఐ అంటారు. లైసెన్సు పరీక్షలు, ఫిట్‌నెస్ తనిఖీలు ఆఫీసులో. మిగిలిన రోజుల్లో ముంబై హైవే మీద నిలబడి బళ్లు ఆపడం. లారీలు, చెరకు ట్రాక్టర్లు చూసి చూసి ఉన్నవాణ్ణి. నన్ను అంతగా తికమకపెట్టింది మాత్రం ఒక స్పోర్ట్స్ కారు.

కోహీర్ మలుపు దగ్గర తనిఖీలో ఉండగా అది కనబడక ముందే వినబడింది. నీలం రంగు, రెండు తలుపులు, నేలకు అంటుకున్నట్టుండే బండి. ఆపితే ముప్పై అయిదేళ్ల స్త్రీ దిగింది. చేతుల మీద వెల్డింగ్ నిప్పురవ్వల మచ్చలు. పేరు సుజాత. హైవే పక్కన లారీల సైలెన్సర్లు చేసే వర్క్‌షాపు తండ్రి తరువాత ఆమే నడుపుతోంది. కారు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది.

వంగి చూస్తే కింద ఉన్నది కంపెనీ సైలెన్సర్ కాదు. తయారీదారు ఇచ్చిన నిర్మాణాన్ని యజమాని ఇష్టానుసారం మార్చకూడదని మోటారు వాహనాల చట్టం చెబుతుంది. చెక్ రిపోర్టు రాయడం మొదలుపెట్టాను.

"పొల్యూషన్ సర్టిఫికెట్ ఉన్నది సార్. మొన్ననే పాసయింది" అని కాగితం చూపించింది. "పాత దాంతోని ఇంజన్ లైట్ ఎలుగుతుండె. పొగ సాఫ్ ఉండాలెనని కొత్త కన్వర్టర్ ఏసిన. ఎనక సైలెన్సర్ పైపు ఒక్కటే జర లావుది పెట్టిన."

కన్వర్టర్ అంటే ఇంజనుకూ సైలెన్సరుకూ మధ్య ఉండే రేకు పెట్టె. లోపల తేనెపట్టు లాంటి జల్లెడ ఉంటుంది. విషవాయువులు దాని గుండా పోతూ చాలావరకు హానిలేనివిగా మారతాయి. చప్పుడు కోసం, వేగం కోసం కొందరు దాన్ని పీకేస్తారు. పీకేసినవాళ్లెవరూ పీకేశామని ఒప్పుకోరు. అందుకని ఆమె మాట నేను పట్టించుకోలేదు. పైగా సైలెన్సర్లు చేసే మనిషి. ఊళ్లో కుర్రవాళ్ల బళ్లకు ఇలాంటివి బిగించేది కూడా ఈమేనని అనుమానించాను. వారం రోజుల్లో కన్వర్టర్‌తో సహా కంపెనీ సైలెన్సర్ తిరిగి బిగించి బండి చూపించాలని, లేకపోతే రిజిస్ట్రేషన్ సస్పెండ్ చేస్తామని ఉత్తర్వు రాశాను. వర్క్‌షాపు మీద ఎందుకు చర్య తీసుకోకూడదో చెప్పమని వేరే నోటీసు ఇచ్చాను.

ఆరో రోజు ఆమె బండి తెచ్చింది. కింద కన్వర్టర్‌తో సహా అంతా కంపెనీదే ఉంది. ముద్ర స్పష్టంగా ఉంది, నంబరు సరిపోయింది. చప్పుడు లేదు. నా ఉత్తర్వు ఫలించిందని తృప్తి కలిగింది. రిపోర్టు మూసేముందు పొగ పరీక్ష మళ్లీ చేయించాలి. ఆఫీసు ముందు పొల్యూషన్ వ్యాన్ పెట్టుకునే నర్సింలు పైపులో గొట్టం పెట్టి, ఫలితం చూసి, నా వైపు చూశాడు.

"ఫెయిల్ సార్. కార్బన్ మోనాక్సైడ్ మస్తు ఎక్కువొస్తుంది."

ఇంజన్ వేడెక్కలేదేమోనని హైవే మీద కొంత దూరం తిప్పి రమ్మన్నాను. మళ్లీ ఫెయిల్. యంత్రమే చెడిపోయిందేమోనని నా సొంత పెట్రోలు కారు పెట్టించాను. అది పాసయింది. ముప్పై ఏళ్ల సర్వీసులో పరాయి సైలెన్సర్ పెట్టుకుని ఫెయిలైన బళ్లను చూశాను గాని, కంపెనీది పెట్టుకుని ఫెయిలైనదాన్ని చూడలేదు.

కంపెనీ భాగాన్ని ఈమే ఏదో చేసిందని అనుకున్నాను. ఆ మాట మొహం మీదే అనేశాను. సుజాత మొహం ఎర్రబడింది.

"నేనే ఖరాబు చేసి మీ ముంగటికి తెస్తనా సార్? నా దుకాణం మీద నోటీసు ఏలాడుతున్నది. దుకాణం బందయితే నలుగురు పనోళ్లు యాడికి పోవాలె?" ఆ తరువాత గొంతు తగ్గించి, "లైట్ ఎలుగుతదని ఎరుకనే గాని గింత ఘోరంగ ఫెయిలయితదని నాకూ ఎరుకలేదు. నాకు గూడ సమజయితలేదు" అంది.

విప్పి చూద్దామని ఆమె వర్క్‌షాపుకు వెళ్లాను. బండి పైకెత్తి, చల్లారాక ఆ కన్వర్టర్‌ను విప్పారు. ఆమె ఒక కొసన టార్చి పెట్టి నన్ను రెండో కొస నుంచి చూడమంది. జల్లెడ ఉండాల్సిన చోట నాకు టార్చి వెలుగు కనబడింది. ఆ వెలుగుకు అడ్డంగా ఆమె వేళ్లు కూడా కనబడ్డాయి. పెట్టె ఖాళీ. పైవైపు, బండికి ఆనుకుని మనకు కనబడని చోట, కోసి మళ్లీ అతికిన గీత ఉంది.

"గిది నా అతుకు గాదు సార్. నాదయితే గిట్ల గడ్డలు గట్టదు" అంది.

అతుకును బట్టి నేను తేల్చలేను. బండి కాగితాలన్నీ తెప్పించాను. ఆమె కొనకముందటి సర్వీసు బిల్లు ఒకటి దొరికింది. ఇంజన్ లైట్ వెలుగుతోందని, కన్వర్టర్ పని చేయడం లేదని అప్పుడే రాసి ఉంది. అంటే పాత యజమాని చేతిలోనే అది ఖాళీ అయింది. ఆ సంగతి తెలియకుండా ఈమె కొన్నది. తెలియకుండానే బాగుచేసుకుంది. దాన్ని తీసేసి విషం కక్కేది బిగించమని సంతకం పెట్టింది నేను.

ఇప్పుడేం చేయాలి? కంపెనీది ఉంచితే పొగ నిబంధన ఒప్పుకోదు. ఆమెది ఉంచితే మార్పుల నిబంధన ఒప్పుకోదు. జిల్లా రవాణా అధికారికి వివరంగా రాశాను. 'నిబంధనల ప్రకారం తగు చర్య తీసుకోగలరు' అని ఒక్క వాక్యం జవాబొచ్చింది. ఏ నిబంధన అన్నది అందులో లేదు. రెండు రోజులు ఆ ఫైలు బల్ల మీదే ఉంది.

చివరికి కన్వర్టర్‌నూ వెనక పైపునూ విడదీసి చూశాను. పాడైన భాగం బదులు అదే ప్రమాణం గల భాగం వేస్తే అది మరమ్మతు. ఆమె వేసిన కన్వర్టర్‌కు ఆ మోడల్ కారుకు ఆమోదం ఉన్నట్టు కాగితం ఉంది కాబట్టి అది ఉండవచ్చు. వెనక పైపు లావు పెంచడం మరమ్మతు కాదు, మార్పు. పొగ ఎంత శుభ్రంగా ఉన్నా అది ఉండకూడదు. ఆమె కన్వర్టర్, వెనక కంపెనీ సైలెన్సర్ కలిపి బిగించమన్నాను. ఒక మధ్యాహ్నంలో బిగించింది. అతుకు నేను కూడా తడిమి చూశాను. గడ్డలు లేవు. నర్సింలు వ్యాన్‌లో బండి పాసయింది. శబ్దం కొలిచే మీటరు కూడా ఒప్పుకుంది.

వర్క్‌షాపు నోటీసు ఉపసంహరించుకున్నాను. బండి భాగాలు విప్పించి చూడకుండానే మొదటి ఉత్తర్వు ఇచ్చానని ఫైల్లో నా చేతితో రాశాను. ఆ వాక్యానికి సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. జరిగింది జరిగినట్టు రాసి పంపాను. అంతకుమించి ఏమీ జరగలేదు.

కాగితాలు తీసుకున్న రోజు సుజాత, "పొగ పోయింది సార్, సప్పుడు గూడ పోయింది. నేను గా బండి కొన్నదే సప్పుడు కోసం" అంది. కోపంగా అనలేదు. ఆ లావు పైపుతో కూడా బండి శబ్దం పరిమితి లోపలే ఉండేదేమో. నేను కొలిపించలేదు. కొలిపించినా చట్టం అదే చెప్పేది.

అప్పటి నుంచి రిటైరయ్యే దాకా ముద్ర, నంబరు చూసి ఏ భాగమూ సరైనదని రాయలేదు. విప్పగలిగినది విప్పించి, లోపల చూశాకే రాశాను. దీనివల్ల నా తనిఖీలు ఆలస్యమయ్యాయి, పై అధికారులు ఎందుకని రెండుసార్లు అడిగారు. చట్టప్రకారం ఉండటం, శుభ్రంగా ఉండటం రెండు వేర్వేరు సంగతులనీ, ఒకటి తేల్చి రెండోది తేలినట్టు సంతకం పెట్టకూడదనీ నేర్చుకున్నాను. ఆ పైపు తీయించడం అవసరమా కాదా అన్నది మాత్రం నాకు ఇప్పటికీ తేలలేదు.