మోటారు కొట్టంలో పలుపుతాడు

మొన్న మా కోడలు ఇంటికి సున్నం కొట్టించాలని అటక మీది సామానంతా కిందికి దించి, అన్నిటికంటే అడుగున ఉన్న నా రేకు పెట్టెలో నుంచి ఒక పాత పలుపుతాడు బయటికి లాగింది. "మేడ మీద బట్టలారేసుకోను బాగుంటది అత్తా, ఆ నైలాను తాడు ఎండకి చీకిపోయింది" అని తీసుకుపోతుంటే, తాగుతున్న కాఫీ కింద పెట్టి, ఆ తాడు లాక్కుని ఒళ్ళో పెట్టుకున్నాను. మా కోడలు నెల్లూరు పిల్ల. మాది తమిళంవాళ్ళ ఊరు, నాకు సంతకం తప్ప రాత రాదు, ఆ సంతకమూ తమిళంలోనే. ఇంట్లో మాట్లాడే ఈ తెలుగుకు అక్షరాలుంటాయని నేను చూసింది ఈ పిల్ల వచ్చాకే. అందుకని నేను చెబుతున్నాను, తను రాస్తోంది. మోటుగా ఉన్నచోట సర్దొద్దని ముందే చెప్పాను.

నా ఈడువాళ్ళకు మూలకుళం పొలాలు గుర్తుండే ఉంటాయి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో కూడా అక్కడ వంకాయ తోటలు, వేరుసెనగ చేలు ఉండేవి. మా ఇల్లు, మా ఆయన అన్న, అంటే మా బావగారి ఇల్లు ఒకే వాకిట్లో, పెరట్లో ఇద్దరికీ కలిపి ఒక బావి, దాని పక్కన రేకుల మోటారు కొట్టం. మా ఆయన మాట తక్కువ మనిషి. ఎద్దును కూడా కసిరేవాడు కాదు. ఆ ఎద్దు ముసలిదై అమ్మేసిన రోజు అన్నం ముట్టలేదు, దాని పలుపు మాత్రం కొట్టంలో మేకుకు తగిలించి ఉంచుకున్నాడు. ఆ ఏడే చుట్టుపక్కల చేలన్నీ ప్లాట్లు వేయడం మొదలుపెట్టారు. సర్వే రాళ్ళు పాతుకుంటూ పాతుకుంటూ మా గట్టు దాకా వచ్చేసరికి మా ఆయనకు నిద్ర పట్టకుండా పోయింది. తెల్లారేసరికి వెళ్ళి ఆ రాళ్ళు పీక్కొచ్చి మా గడప ముందు కుప్ప పోసేవాడు. మట్టి కింద అవి మాట్లాడుకుంటున్నాయనీ, తనను ఎక్కడ పాతిపెట్టాలో కొలతలు చెప్పుకుంటున్నాయనీ అనేవాడు. నవ్వినవాళ్ళు నవ్వారు, దిష్టి తీసినవాళ్ళు తీశారు. నేను రాళ్ళు మోసి మళ్ళీ గట్టు మీద పెట్టి వచ్చేదాన్ని.

ఆ రోజుల్లోనే మా బావగారి కూతురికి సంబంధం కుదరబోతోంది. విల్లియనూరు వాళ్ళు, దుకాణాలున్నవాళ్ళు, శుక్రవారం పిల్లను చూడ్డానికి వస్తామన్నారు. ఇంట్లో పిచ్చివాడున్నాడని తెలిస్తే ఎవడు చేసుకుంటాడని బావగారు బుధవారం పొద్దున్నే ఇద్దరు కూలీలను పిలిచి, మా ఆయనను కొట్టంలోకి ఈడ్చుకుపోయి, మోటారు బిగించిన ఇనుప స్తంభానికి ఆ ఎద్దు పలుపుతోనే కట్టేశాడు. రెండు రోజులే అన్నాడు. తాళం వేసి చెవి మొలతాడుకు కట్టుకున్నాడు. తీరా ఆ విల్లియనూరు వాళ్ళకు మైల వచ్చింది, చూపులు వారం వెనక్కి జరిగాయి. మైల వాళ్ళకు, కట్టు మా ఆయనకు.

పొద్దునా సాయంత్రం నా తోడికోడలు తలుపు తీసి నిలబడేది, నేను లోపలికి వెళ్ళి ముద్దలు కలిపి నోట్లో పెట్టేదాన్ని. చేతులు విప్పనిచ్చేవాళ్ళు కాదు. నువ్వెందుకు విప్పలేదమ్మా అని మా అబ్బాయి పెద్దయ్యాక నన్నడిగాడు. ఏం చెప్పను? బావగారు వాకిట్లో దగ్గితే నాకు నోరెండిపోయేది, అంతే. కానీ ఆ ముద్దలు పెడుతూ పెడుతూనే ఒట్టు పెట్టుకున్నాను, నిన్ను పదిమందిలో మోకాళ్ళ మీద కూచోబెడతాను చూడు అని.

మా పేటలో సర్కారు చిన్నాసుపత్రికి మంగళవారం మంగళవారం మనసు జబ్బుల డాక్టరు వస్తాడనీ, ఆయనతో వచ్చే నర్సమ్మ ఆసుపత్రికి రాలేనివాళ్ళ ఇళ్ళకు తనే మోపెడ్డు మీద పోతుందనీ పూలమ్మే ఆమె చెప్పింది. ఆ మంగళవారం పిండిమరకు పోతున్నానని చెప్పి వెళ్ళాను. నర్సమ్మ పొట్టిగా, నల్లగా, మగవాళ్ళ గడియారం మణికట్టు లోపలివైపుకు తిప్పి పెట్టుకున్న మనిషి. ఊరు అరియాంకుప్పం, తల్లి తరపున మన మాటే. నేను ఏడుస్తూ అంతా చెప్పాను. ఆయన కొడతాడా, కరుస్తాడా అని అడుగుతుందనుకున్నాను. "నిద్రపోయి ఎన్నాళ్ళయింది?" అంది. ఆయన నెలై నిద్రపోలేదన్నాను. "ఆయన్ని కాదక్కా, నిన్నడుగుతుండా" అంది. నన్ను ఆ మాట అడిగినవాళ్ళు అంతకు ముందు లేరు.

రేపే వస్తానంది. ఇక్కడ నేను ఆగాలి, ఎందుకంటే ఇది ఇన్నేళ్ళూ నేను ఎవరికీ చెప్పని మాట. రేపొద్దు, శుక్రవారం పది గంటలకు రమ్మన్నాను. మిగతా రోజులు బావగారు లోపలికి రానివ్వడు, శుక్రవారమైతే ఊళ్ళో ఉండడని అబద్ధమాడాను. శుక్రవారం పది గంటలకే విల్లియనూరు వాళ్ళు వస్తున్నారు. మా ఆయన కట్టులో ఉన్నది తొమ్మిది రాత్రులు. అందులో ఏడు బావవి. రెండు నావి.

శుక్రవారం వచ్చింది. ముందు గదిలో చుట్టాలు కూర్చుని బజ్జీలు తింటున్నారు, బావగారు జరీ అంచు కొత్త పంచెలో తిరుగుతున్నాడు, ఆ పిల్ల పట్టుచీర కట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. మోపెడ్డు చప్పుడు వినబడగానే నేనే ఎదురుపోయి, నర్సమ్మను పక్కదారిన కాకుండా ఆ చుట్టాల మధ్య నుంచే పెరట్లోకి నడిపించాను. ఆమె చెప్పులు వాకిట్లో విడిచింది, మంచినీళ్ళు అడిగి తాగింది, కొట్టం తాళం చూసింది. ఎవరు కట్టారని అడిగింది. నేను చెయ్యెత్తి బావగారిని చూపించాను.

"ఏంది సిస్టరూ, ఇంట్లో చుట్టాలుండారు, కనపళ్ళా? రేపు రాపో."

"చుట్టాలుంటే ఉండనీ అయ్యా. ఎర్రటోపీ పోలీసును తేలే నేను. తాళం తియ్యండి."

తాళం తీశాడు. ఆ వాసనకు చుట్టాల్లో ఒకాయన కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. నర్సమ్మ వెళ్ళి మా ఆయన కళ్ళకంటే తన కళ్ళు కిందికుండేలా నేల మీద చతికిలబడి, పేరేమిటని అడిగి, ఆయన చెప్పేదాకా ఊరికే కూర్చుంది. తనే కట్లు విప్పుతుందనుకున్నాం. విప్పలేదు. కట్టినవాళ్ళే విప్పాలంది. బావగారు కొడవలి తెమ్మని అరిచాడు. "కోస్తే విప్పినట్టు కాదయ్యా. వేళ్ళతో విప్పండి. ఏం చేస్తా ఉండారో ఆయనకి చెప్పతా విప్పండి" అంది, గొంతు పెంచకుండానే.

మోటారు నూనె కలిసిన ఆ బురదలో, కొత్త పంచెతో, మా బావగారు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చెమటలు కారుతున్నాయి. పది రోజుల ముడి, తడిసి బిగుసుకుపోయింది, గోళ్ళు ఊడినంత పనైంది. "విప్పతా ఉండా రా... కుడిచెయ్యి విప్పతా ఉండా తమ్ముడా..." అంటూ ఆ గొంతు, నా నోరెండబెట్టిన ఆ గొంతు, మేకపిల్ల గొంతులా వణికింది. బజ్జీల ప్లేట్లు పట్టుకుని విల్లియనూరు వాళ్ళు గుమ్మంలో నిలబడి చూశారు. ఆ తీపి ఇప్పటికీ నా నాలుక మీద ఉంది. లేదని చెబితే అబద్ధం.

తాంబూలం పుచ్చుకోకుండా వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ పిల్ల తన తండ్రి వైపు చూడలేదు, నా వైపు చూసింది. నేను తల తిప్పుకున్నాను. నర్సమ్మ మా ఆయనకు సూది వేసి, మణికట్లు కడిగి మందు రాసి, వెళ్ళబోతూ ఆ మిగిలిన బజ్జీల వైపు చూసి, నా వైపు చూసి, "నేను బుధవారమే వచ్చుందును గదక్కా" అంది. చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయింది.

తర్వాత వారం వారం వచ్చేది, ఆ తర్వాత నెల నెలా. మాత్రలు నా చేతే లెక్కపెట్టించేది. మీరే విప్పేస్తే పోయేది కదా, ఆయనను ఎందుకు కూర్చోబెట్టారు అని ఒకసారి అడిగాను, నా మీద జాలిపడి నా పగ తీర్చిందేమోనని ఆశ. అది కాదట. ఈయన రేపూ ఆ అన్న ఎదటే తిరగాలి, నేను విప్పి పోతే ఆ చెయ్యి ఎప్పటికీ కట్టే చెయ్యిగానే ఉండిపోతుంది, కట్టిన చెయ్యే విప్పితే కొంచెం భయం తగ్గుతుందని చెప్పింది. నిజంగానే మా ఆయన కోలుకుని, మరి ఆరేళ్ళు సేద్యం చేసి, బావి గట్టు మీద ఆ అన్నతో కలిసి బీడీ కూడా కాల్చాడు. అది చూస్తే నాకు కడుపు మండేది. పగ పట్టాల్సినవాడు మరిచిపోతే నేను ఒక్కదాన్నీ ఇద్దరి పగా మోయాల్సి వచ్చింది. పలుపు తీసి నా పెట్టెలో దాచాను. కామెర్లు వచ్చి ఆయన పోయాక అప్పుడప్పుడు తీసి వాసన చూసేదాన్ని. ఎద్దు వాసన, నూనె వాసన, ఆయన వాసన.

ఆయన పోయిన రెండేళ్ళకు, పొలాలన్నీ ప్లాట్లయి చెయ్యడానికి పనిలేకుండా పోయాక, బావగారికి మతి చెదిరింది. అన్నంలో విషం కలుపుతున్నారని పెళ్ళాన్ని కొట్టేవాడు, విల్లియనూరు రోడ్డు మీదికి ఉరికి బస్సులకు అడ్డం పడేవాడు. ఒక పొద్దున వాళ్ళ పెద్దకొడుకు పరిగెత్తుకొచ్చాడు. "చిన్నమ్మా, నీకు ఈ జబ్బు తెలుసు గదా, ఏం చెయ్యాల్నో చెప్పు, రా." వెళ్ళాను. ఊరికే వెళ్ళలేదు, పెట్టె తీసి, తాడు కొంగు కింద పెట్టుకుని వెళ్ళాను.

మోటారు తీసేసినా కొట్టం ఉంది, ఇనుప స్తంభం ఉంది. కొడుకులిద్దరూ పట్టుకున్నారు, నేను కట్టాను. బస్సు కింద పడతాడు, తప్పదు అని పైకి అంటూనే ఉన్నాను. లోపల మాత్రం ఒక్కో చుట్టుకు ఒక్కో రాత్రి చెప్పుకున్నాను. తొమ్మిది చుట్లు. ఏడే వేయాల్సింది, తొమ్మిదీ వేశాను. తర్వాత కొట్టం మెట్టు మీద కూర్చుని ఆకువక్క వేసుకున్నాను.

ఆ కబురు విని అరియాంకుప్పం నుంచి వాళ్ళ కూతురు వచ్చింది. ఆ విల్లియనూరు సంబంధం తప్పిపోయాక నాలుగేళ్ళకు ఆ పిల్లను అరియాంకుప్పంలో ఇచ్చారు, మొగుడు మంచివాడు. నాతో మాట్లాడక ఎన్నేళ్ళో. నన్ను దాటుకుని లోపలికెళ్ళి తండ్రిని చూసి, బయటికొచ్చి నర్సమ్మకు ఫోను చేసింది. గంటన్నరలో మోపెడ్డు చప్పుడు. నర్సమ్మ తల నెరిసింది, గడియారం అదే. చెప్పులు విడిచింది, మంచినీళ్ళు తాగింది.

"ఎవరు కట్టినది?"

కొడుకులిద్దరూ నా వైపు చూశారు. నా నోట్లో ఆకు చేదైపోయింది. నా వేళ్ళకు వాతం సిస్టరూ, కత్తి తెప్పించండి అన్నాను. ఆమె లోపలికెళ్ళి బావగారికి ఎదురుగా నేల మీద కూర్చుని, పక్కన చోటు చూపించి, "రా అక్కా, కూచో" అంది. నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. కూతురు గుమ్మంలో నిలబడి చూస్తోంది, ఆ రోజు విల్లియనూరు వాళ్ళు నిలబడ్డ చోటే.

"కుడిచెయ్యి విప్పతా ఉండా బావా" అన్నాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినబడింది. ఆయన మూతపడిన కళ్ళు తెరిచి, నన్ను గుర్తుపట్టాడు.

"గట్టిగా కట్టినావు అమ్మీ. వాడికి నేనింత గట్టిగా కట్టలా."

అబద్ధం అని అరవాలనిపించింది. తాడు జారాక మణికట్టు చూశాను. ఒక్క పూటకే ఊదారంగు తిరిగింది, తాడు పురులు ఒక్కొక్కటీ చర్మం మీద అచ్చు దిగి ఉన్నాయి. మా ఆయనవి ఎలా ఉన్నాయో ఆ నిమిషంలో ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు. బుధవారం రాత్రి, గురువారం రాత్రి మాత్రం గుర్తొచ్చాయి. చుట్టు చుట్టుకూ పైకి చెబుతూ తొమ్మిదీ విప్పాను. నర్సమ్మ ఆయన చేతులకు మందు రాసి, అదే మందు తాడు ఒరుసుకుపోయిన నా వేళ్ళకూ రాసింది. రాస్తూ, "నిద్ర పడతా ఉందా అక్కా?" అని అడిగింది. పడుతోందన్నాను.

నేను ఆయనను క్షమించానని మీరెవరూ అనుకోవద్దు. మాత్రలు మింగుతూ నాలుగేళ్ళు బతికాడు, ఒక్కసారి చూడపోలేదు. పోయినప్పుడు కర్మాంతరం భోజనంలో చెయ్యి పెట్టలేదు. నా పగ నా దగ్గరే ఉంది, కాకపోతే ఇప్పుడు దాన్ని ఎటు తిప్పి పట్టుకున్నా నా చేతికే గుచ్చుకుంటోంది.

ఇప్పుడు మూలకుళంలో బావి లేదు. కొట్టం ఉన్నచోట కార్లు కడుగుతున్నారు. నర్సమ్మ రిటైరై ఎక్కడుందో తెలియదు. పోయిన నెల పక్క వీధి అపార్ట్‌మెంటులో ఒక చదువుకున్న పిల్లవాడు కేకలు పెడితే ఎవరో ఫోను చేశారు, వ్యాను వచ్చింది, ఇద్దరు మనుషులు దిగి పట్టీలతో బిగించి తీసుకుపోయారు. అంతా పది నిమిషాలు. మంచిదే, బతికితే చాలు. కానీ వాళ్ళమ్మ మెట్ల మీద ఒక్కతే కూర్చుని ఉంటే, నువ్వు నిద్రపోయి ఎన్నాళ్ళయిందమ్మా అని అడిగినవాళ్ళు లేరు. నేను వెళ్ళి అడిగాను. ఆమె నన్ను పట్టుకుని ఏడ్చింది.

ఈ తాడు రెండుసార్లు మనిషిని కట్టింది, రెండుసార్లూ కత్తి పడలేదు, చెక్కుచెదరకుండా ఉంది. ఇంతదాకా రాసి కోడలు కలం పెట్టేసి నా మొహం చూస్తోంది. ఇప్పుడు తాడు కావాలని అడగడానికి భయపడుతోంది పిచ్చిపిల్ల. తీసుకోమ్మా, మేడ మీద కట్టుకో, దుప్పట్లయినా ఆగుతాయి. ముడి మాత్రం నువ్వే వెయ్యి. నాకిక కట్టడానికి ఎవరూ మిగల్లేదు.